ఆపరేటరు గారి పది సెకన్లు

ఆ ఆసుపత్రిలో టెలిఫోను ఎక్స్ఛేంజి ఎత్తేసి పదహారేళ్ళయింది. అయినా ఆయన్ని అందరూ ఆపరేటరు గారనే పిలిచేవారు. కొత్తగా చేరిన నర్సులు ఆ మాట విని ఆపరేషన్ థియేటర్లో ఏదో పని చేస్తారు కాబోలు అనుకునేవారు. ఆయన ఎక్స్‌రే విభాగంలో రిపోర్టులు టైపు చేస్తారనీ, ఆయనకు రెండు కళ్ళూ కనిపించవనీ ఒకేసారి తెలిసేసరికి ఏమనాలో తోచక నిలబడిపోయేవారు. ఆ ఇబ్బందిని ఆయనే తప్పించేవారు.

"ఎక్స్‌రేలు తీసేది నేను కాదమ్మా, కంగారు పడకండి. చూసినవాళ్ళు చెప్పింది రాస్తానంతే," అనేవారు.

ఆయన చూపు ఒక్కసారిగా పోలేదు. పన్నెండో ఏట మొదలై, అంచుల నుంచి లోపలికి కొద్దికొద్దిగా తగ్గుతూ, పదిహేడో ఏటికి పూర్తిగా పోయింది. ఆ తర్వాత అంధుల పాఠశాలలో బ్రెయిలీ, టైపింగు నేర్చుకున్నారు. ఇరవై నాలుగో ఏట ఆసుపత్రి ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది. మెట్ల కింద చిన్న గది, నలభై లైన్లు. మొదటి వారంలోనే సూపర్వైజరు ఆయన పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టాడు, తప్పు లైను కలిపితే సరిదిద్దడానికి.

"రెండు వారాలు ఉంచండి సార్. ఒక్క లైను తప్పు కలిపినా ఆయన్నే ఉంచుకుని నన్ను పంపేయండి," అన్నారు ఈయన.

ఆ మనిషి రెండు వారాలూ పేపరు చదువుకుని, విసుగెత్తి, తనంతట తానే లేచి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి తన పనిలో ఇంకొకరి చెయ్యి పడకూడదన్నది ఆయన పట్టుదల. పట్టుదల కాదు, పొగరు అనేది ఆయన భార్య. ఆవిడ అదే ఆసుపత్రిలో దుప్పట్ల గది చూసుకునేది. రోజూ ఉదయం ప్రతి వార్డుకీ ఫోను చేసి ఎన్ని దుప్పట్లు కావాలో అడగడం ఆవిడ పని. అంటే రోజూ పదకొండుసార్లు ఆయన గొంతు వినేది. ఏడాదిన్నర తర్వాత ఒకరోజు పన్నెండోసారి ఫోను చేసి, "ఇప్పుడు ఏ వార్డూ అక్కర్లేదండీ," అంది. వాళ్ళ పెళ్ళి కథ అంతే. ఆవిడ ముందే పదవీ విరమణ చేసి ఇంటి పట్టున ఉంటోంది.

ఎక్స్ఛేంజి తీసేశాక ఆయన్ని ఎక్కడ వెయ్యాలో యాజమాన్యానికి పాలుపోలేదు. ఎక్స్‌రే విభాగం డాక్టరమ్మ, "నాకివ్వండి. ఆయనంత వేగంగా టైపు చేసేవాళ్ళు ఈ భవనంలో లేరు," అని తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఉదయమంతా ఎక్స్‌రేలు చూస్తూ, చూసింది చూసినట్టు రికార్డు చేసి పెడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఆ గొంతు వింటూ టైపు చేస్తారు. నాలుగింటికి రిపోర్టులు కౌంటరుకు చేరాలి.

కంప్యూటరు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఉదయం దాని ముందు ఎక్స్‌రే టెక్నీషియను కూర్చునేది. ముప్పై అయిదేళ్ళ మనిషి, చురుకైనది. ఆమె బొమ్మలు చూసే ప్రోగ్రాము ఒక సిస్టంలో నడిచేది. ఆపరేటరు గారికి తెర మీది ప్రతి అక్షరాన్నీ చదివి వినిపించే ప్రోగ్రాము ఇంకో సిస్టంలో ఉండేది. రెండూ ఒకే పెట్టెలో కాపురం. ఆన్ చేయగానే తెర మీద ఒక మెనూ వస్తుంది. పది సెకన్లలో ఎవరూ ఏదీ నొక్కకపోతే కంప్యూటరు తనంతట తానే ఎక్స్‌రే సిస్టంలోకి వెళ్ళిపోతుంది. కింది బాణం ఒకసారి నొక్కి ఎంటర్ కొడితే మాట్లాడే సిస్టంలోకి వస్తుంది.

ఆ మెనూ మాట్లాడదు. అది వచ్చిందని ఆయనకు చెప్పే దిక్కు లేదు. అందుకని ఆయన సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆన్ చేయగానే పెట్టె 'కుయ్' మని ఒక్కసారి అరుస్తుంది. అక్కడి నుంచి ఎనిమిది లెక్కపెట్టి, బాణం, ఎంటర్. నలభై సెకన్లు ఆగితే చెవిలో గొంతు పలుకుతుంది. రెండేళ్ళలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒక సోమవారం తప్పింది.

మామూలుగానే ఎనిమిది లెక్కపెట్టి నొక్కారు. నలభై సెకన్లయింది, నిమిషమయింది, రెండయింది. చెవిలో చడీచప్పుడూ లేదు. హెడ్‌ఫోను తీగ తడిమి చూశారు, సరిగ్గానే ఉంది. మళ్ళీ ఆన్ చేశారు. మళ్ళీ అంతే. మూడోసారి కంగారులో బాణం నాలుగైదుసార్లు టకటకా నొక్కేసి ఎంటర్ కొట్టారు. ఈసారి కంప్యూటరు లోపలి ఫ్యాను రొద పెరిగింది గానీ గొంతు లేదు.

అప్పుడే టెక్నీషియను భోజనం ముగించుకుని వచ్చింది. తెర వైపు చూసి, "ఏంటండీ, నల్లటి తెర మీద ఏవో అంకెలు పరిగెడుతున్నాయి?" అంది.

ఆయన బాణం ఎక్కువసార్లు నొక్కడం వల్ల మెనూ అడుగున ఉన్న మెమరీ పరీక్ష మొదలైంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అంతకన్నా కష్టం.

"నడవనివ్వమ్మా, నేనే పెట్టాను," అన్నారు.

ఆమె సరేనని ఎక్స్‌రే గదిలోకి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళినట్టు తలుపు చప్పుడు వినిపించాక ఆయన బటను గట్టిగా పట్టి కంప్యూటరును ఆపేశారు. అయిదోసారికో ఆరోసారికో ఎలాగో గొంతు పలికింది. ఆ రోజు రిపోర్టులు అయిదింటికి చేరాయి.

మంగళవారం మూడోసారికి వచ్చింది. బుధవారం తొమ్మిదిసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఆ రోజు కౌంటరు దగ్గర ఒకాయన తన తల్లి తుంటి ఎముక రిపోర్టు కోసం మూడింటి నుంచి నిలబడి, చివరికి గొంతు పెంచాడు. సంగతి డాక్టరమ్మ దాకా వెళ్ళింది. ఆవిడ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆపరేటర్ గారూ, ఒంట్లో బాగుంటోందా?"

"బాగానే ఉందమ్మా."

"మూడు రోజుల నుంచి ఆలస్యమవుతోంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. వయసుతో పాటు ఎవరికైనా... చేతులు కొంచెం నెమ్మదిస్తాయి. కావాలంటే విచారణ కౌంటరుకు మార్పిస్తాను. అక్కడ మాట్లాడటమే పని. మీ గొంతుకి అదే సరైన చోటు కూడా."

"సోమవారం దాకా టైమివ్వండి," అన్నారాయన.

నిజానికి ఆవిడ అన్నది ఆయన అంతకుముందే అనుకున్నారు. యాభై ఏడేళ్ళు. లెక్కపెట్టేటప్పుడు ఒక అంకె మింగేస్తున్నానేమో, వేలు బాణం మీద కాక పక్క మీట మీద పడుతోందేమో అని మూడు రోజులుగా ఆయన అనుమానం. కీబోర్డు మీది మీటల్ని వరసగా తడిమి చూసుకున్నారు. తన వేళ్ళు తనకే పరాయివైనట్టు అనిపించింది.

ఇంటికొచ్చాక వంటగది బల్ల దగ్గర కూర్చుని, చేతి గడియారం చెవికి ఆనించి, టిక్కు టిక్కు వింటూ, ఎనిమిది లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మళ్ళీ మళ్ళీ. భార్య కూర తరుగుతూ కాసేపు చూసింది.

"ఏంటది? కొత్త జపమా?"

దాచడానికి ప్రయత్నించారు గానీ ఆవిడ ముందు దాగలేదు. అంతా చెప్పారు. ఆవిడ గడియారం తన చేతిలోకి తీసుకుని, "ఏదీ, కానివ్వండి," అంది. ఆయన ఎనిమిది అనేసరికి ఎనిమిదే అయింది. పదిసార్లు చూసింది. పదిసార్లూ అంతే.

"మీ లెక్క గుండ్రాయిలా ఉంది. కంప్యూటరునేమీ అడక్కుండా మూడు రోజులుగా మిమ్మల్ని మీరు నిలదీసుకుంటున్నారేం?"

"కంప్యూటరు మారదు కదే. మారేది మనిషే."

"ఎవరు చెప్పారు? దుప్పట్లు తక్కువొచ్చిన ప్రతిసారీ చాకలి మీద అరిచేవాళ్ళు. లెక్క రాసే పుస్తకం మారిందని నేను చూపించేదాకా ఆయన తల దించుకునే ఉన్నాడు, పాపం. ముందు దాన్ని పరీక్షించండి. తర్వాత మీ చేతుల గురించి ఏడుద్దాం."

గురువారం ఆయన గంట ముందుగా, పన్నెండింటికే వచ్చారు. టెక్నీషియను భోజనానికి వెళ్ళే సమయం చూసుకుని, బ్రెయిలీ పలక, మందపాటి కాగితం పక్కన పెట్టుకున్నారు. పరీక్ష చాలా మామూలుది. కూత వినగానే నాలుగు లెక్కపెట్టి నొక్కి చూడటం. గొంతు వచ్చిందా లేదా కాగితం మీద పొడుచుకోవడం. కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ చేసి, అయిదు లెక్కపెట్టి నొక్కడం. తర్వాత ఆరు. ఇలా పదహారుసార్లు చేశారు. గది తలుపు మీద ఇద్దరు తట్టారు, "పది నిమిషాలాగి రండి," అని పంపించేశారు.

కాగితం మీద వేళ్ళు నడిపిస్తే సంగతి తేటతెల్లమైంది. నాలుగు దగ్గర రాలేదు, అయిదు దగ్గర రాలేదు. ఆరు దగ్గర అయిదుసార్లలో నాలుగుసార్లు వచ్చింది. ఏడు దగ్గర మూడుసార్లలో ఒక్కసారి. ఎనిమిది దగ్గర ఒక్కసారీ రాలేదు.

అంటే మెనూ ఇదివరకటిలాగే ఆరు దగ్గర వస్తోంది. కానీ పదహారు దాకా ఉండవలసింది ఏడుకే వెళ్ళిపోతోంది. పది సెకన్లు ఆగేది ఒక్క సెకనే ఆగుతోంది. సోమవారం నుంచి ఆయన జాగ్రత్తగా లెక్కపెట్టినప్పుడల్లా తప్పింది, కంగారులో తొందరపడి నొక్కినప్పుడే పని జరిగింది. ఇది అర్థమయ్యాక ఆయన గట్టిగా నవ్వారు. ఆ గదిలో ఆయన అలా నవ్వడం మొదటిసారి విన్నానని టెక్నీషియను తర్వాత చెప్పింది. ఆమె అప్పుడే తలుపు తీసుకుని వచ్చింది.

"ఏంటండీ, అంత నవ్వొచ్చే రిపోర్టు?"

"అమ్మా, ఆన్ చేయగానే ఒక మెనూ వస్తుంది చూడు, అది ఈమధ్య త్వరగా పోతోందా?"

ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"నేనే చెప్పి తగ్గించానండీ. పోయిన శనివారం కంప్యూటర్ల అబ్బాయి వస్తే. రెండు వారాల కిందట యాక్సిడెంటు కేసు వచ్చింది కదా. అప్పుడే కరెంటు పోయి వచ్చింది. స్ట్రెచర్ మీద మనిషి మూలుగుతున్నాడు, డాక్టరు నా నెత్తి మీద నిలబడ్డాడు, ఇదేమో పది, తొమ్మిది, ఎనిమిది అని తీరిగ్గా లెక్కపెడుతోంది. చేతులు పిసుక్కుంటూ కూర్చున్నాను. మీకు ఇబ్బంది అవుతుందని తట్టలేదండీ. నిజంగా తట్టలేదు."

ఆయనకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆమెకు పది సెకన్లు మరీ ఎక్కువ, ఆయనకు ఒక సెకను మరీ తక్కువ.

కంప్యూటర్ల అబ్బాయిని మరుసటి రోజు పిలిపించారు. అబ్బాయంటే మాటవరసకే, ముప్పై దాటినవాడు. నాలుగైదు ఆఫీసుల కంప్యూటర్లు చూసుకుంటూ, హెల్మెట్టు చేతిలోంచి కింద పెట్టకుండానే పని ముగించే రకం. విషయం విని తేలిగ్గా తీసిపారేశాడు.

"దీనికింత ఎందుకు సార్? పన్నెండింటికి మేడమ్ భోజనానికి వెళ్ళే ముందు మీ సిస్టం ఎంచి పెట్టేసి వెళ్తారు. మీరొచ్చి కూర్చోవడమే."

"ఆమె సెలవు పెట్టిన రోజు?"

"ఇంకెవరో ఒకరు నొక్కుతారు. ఒక్క మీటే కదా సార్."

"ఒక్క మీటే. అందుకే నేనే నొక్కుతాను," అన్నారు ఆపరేటరు గారు. "మీరు ఆ పది సెకన్లు మళ్ళీ పెట్టండి. అమ్మాయికి ఆలస్యం కాకుండా ఏం చేయాలో మేమిద్దరం ఆలోచిస్తాం."

అతను భుజాలు ఎగరేసి కూర్చున్నాడు. ఫైలు తెరిచాడు, ఒకటిని పది చేశాడు, సేవ్ చేశాడు. ఇంతలో ఫోను మోగింది. "వస్తున్నా వస్తున్నా," అంటూ ఫోనులో మాట్లాడుతూనే వెళ్ళిపోయాడు.

సోమవారం ఒంటిగంటకు ఎనిమిది లెక్కపెట్టి నొక్కితే గొంతు రాలేదు.

ఈసారి ఆయన తన చేతుల్ని అనుమానించలేదు. ఆరు లెక్కపెట్టి, రెండో ప్రయత్నంలో లోపలికి వెళ్ళారు. శుక్రవారం ఆ అబ్బాయి మీటలు కొడుతూ గొణుక్కున్న ఫైలు పేరు విని గుర్తుపెట్టుకున్నారు. దాన్ని తెరిచి, చెవిలో గొంతు ఒక్కో గీతే చదువుతుంటే విన్నారు. మెనూ ఎంతసేపు ఆగాలో చెప్పే టైమవుట్ అన్న చోట పది అనే ఉంది. ఫైల్లో పది ఉంది, పెట్టె మాత్రం ఒకటే పాటిస్తోంది.

ఫోను చేశారు. అవతల బండి హారన్ల మధ్య నుంచి ఆ అబ్బాయి గొంతు.

"పదే ఉంది కదా సార్, ఇంకేంటి?"

"ఉంది. కానీ ఆగడం లేదు. ఉన్నదాన్ని అది చదువుతోందంటారా?"

"అయ్యో సార్. ఫైల్లో మార్చాక ఇంకో కమాండు కొట్టాలి. అది కొడితేనే కొత్త అంకె మెనూకి ఎక్కుతుంది. ఆ రోజు హడావుడిలో మర్చిపోయాను. రేపొచ్చి కొడతాను."

"రేపెందుకు? అక్షరాలు చెప్పండి, నేనే కొడతాను."

"మీరా?"

"నలభై లైన్లు చూసినవాణ్ణి బాబూ. చెప్పండి."

అతను బండి పక్కకు ఆపి చెప్పాడు. ఈయన ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి టైపు చేశారు. రెండో చెవిలో కంప్యూటరు గొంతు అదే అక్షరాన్ని తిరిగి చెబుతోంది. కమాండు కొట్టబోయే ముందు ఆయన ఆగారు.

"ఒక్క మాట. ఈ ఫైల్లో టైమవుట్ కింద ఇంకో గీత చదివిందండీ. దాని ముందున్న గుర్తు తీసేస్తే మెనూ మొదలయ్యేటప్పుడు కూత వస్తుందని ఉంది. నిజమేనా?"

"ఏ గీత సార్?"

ఈయన దాన్ని అక్షరం అక్షరం చదివి వినిపించారు. అతను పన్నెండేళ్ళుగా ఆ ఫైలు తెరుస్తున్నాడు. అడుగున ఉన్న ఆ గీతను ఏనాడూ చదవలేదు. తనకు కావలసిన అంకె పైనే ఉంటుంది, అది మార్చి మూసేస్తాడు.

"తీసి చూడండి సార్," అన్నాడు మెల్లగా. "పోయేదేం లేదు. నేను లైన్లోనే ఉంటా."

ఆ గుర్తు తీసేసి, సేవ్ చేసి, కమాండు కొట్టారు. చెవిలోని గొంతు నాలుగైదు గీతలు గడగడా చదివి, చివర పూర్తయిందంది. కంప్యూటరును ఆపి మళ్ళీ ఆన్ చేశారు. ఎప్పటి కూత వచ్చింది. ఆయన అలవాటుగా లెక్క మొదలుపెట్టారు. ఆరు దగ్గర ఇంకో కూత, సన్నగా, కొంచెం సాగదీసినట్టు. మెనూ వచ్చింది. ఆయన వెంటనే నొక్కలేదు. తొమ్మిది దాకా ఊరికే కూర్చుని, అప్పుడు బాణం, ఎంటర్ నొక్కారు.

నలభై సెకన్లకు గొంతు పలికింది.

"అయిందా సార్?" అంది ఫోను.

"అయింది. రెండేళ్ళు చీకట్లో తలుపు తట్టినట్టు తట్టాను. అది పిలవగలదని ఎవరూ చెప్పలేదు."

టెక్నీషియను ఇదంతా తలుపు దగ్గర నిలబడి విన్నది. తన యాక్సిడెంటు కేసుల సంగతి అడగాలని ఉంది గానీ అడగలేకపోతోందని ఆమె చెప్పుల చప్పుడును బట్టి ఆయన గ్రహించారు.

"అమ్మా, ఆ పది సెకన్లూ నువ్వు ఏం చేస్తుంటావు?"

"ఏం చేస్తానండీ, అంకెలు తగ్గుతుంటే చూస్తూ కూర్చుంటాను."

"ఎంటర్ కొట్టవా?"

"కొట్టొచ్చా?"

"కొట్టి చూడు."

ఆమె మళ్ళీ ఆన్ చేసింది. కూత విని, మెనూ కనబడగానే ఎంటర్ కొట్టింది. పది అన్న అంకె తొమ్మిది కాకముందే ఎక్స్‌రే సిస్టం మొదలైంది. మీట నొక్కితే ఏదైనా చెడిపోతుందేమోనని భయపడి ఆమె రెండేళ్ళుగా రోజూ పది సెకన్లు ఖాళీగా కూర్చుంది. ఎవర్నైనా అడగాలంటే, ఇంత చిన్నది తెలియదా అంటారని సిగ్గు.

"అడిగి ఉంటే బాగుండేదండీ," అంది.

"నేను కూడా," అన్నారాయన.

ఆ రోజు రిపోర్టులు మూడు ముప్పావుకే కౌంటరుకు చేరాయి. డాక్టరమ్మ సాయంత్రం వెళ్తూ వెళ్తూ గది గుమ్మంలో ఆగింది. విచారణ కౌంటరు మాట మళ్ళీ ఎత్తలేదు. "చేతుల గురించి అన్నాను, మనసులో పెట్టుకోకండి," అని మాత్రం అంది. పెట్టుకోలేదని ఆయన అన్నారు గానీ అది పూర్తిగా నిజం కాదు. ఆ మాట ఆయన్ని చాలా రోజులు వదలలేదని ఆయన భార్యకు తెలుసు.

ఆ తర్వాత ఆయనలో ఒక మార్పు వచ్చింది. పెద్దదేమీ కాదు. ఏదైనా తెలియకపోతే పక్కవాళ్ళను అడిగేవారు. ఫలానా మందు పేరు ఎలా రాస్తారు, ఈ కాగితం ఏ రంగులో ఉంది, నా కాలరు మీద మరక ఉందా. టెక్నీషియను కూడా ఆయన్ని చాలా అడిగేది. కంప్యూటర్ల అబ్బాయి వచ్చినప్పుడల్లా హెల్మెట్టు బల్ల మీద పెట్టి, అయిదు నిమిషాలు కూర్చుని వెళ్ళేవాడు. ఆ కూత గీతను ఇంకో రెండు ఆఫీసుల్లో కూడా పెట్టానని ఒకసారి చెప్పాడు. ఒకచోట వాళ్ళు గోల భరించలేక తీయించేశారట.

మూడేళ్ళ తర్వాత ఆయన పదవీ విరమణ చేశారు. చివరి రోజు ఆఫీసులో కాగితాల మీద సంతకాలు పెట్టాలి. కొత్తగా వచ్చిన గుమాస్తా ఆయన్ని చూసి, అలవాటుగా సిరా డబ్బా ముందుకు జరిపి, బొటనవేలు పట్టుకోబోయాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని పెన్ను అడిగారు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమని, వేలు ఆ చోట ఆనించమని గుమాస్తాను అడిగి, అక్కడ విడివిడి అక్షరాలతో పేరంతా రాశారు.

"గీత కన్నా కొంచెం పైకి పడిందండీ," అన్నాడు గుమాస్తా.

"చదవడానికి వస్తోందా?"

"వస్తోందండీ."

"అయితే సరే," అని కుర్చీలోంచి లేచారు. బయట భార్య ఆటో మాట్లాడుకుని ఎదురుచూస్తోంది.